వాన కోసం ఉంచిన సీసా

మా కాలేజీ జంతుశాస్త్ర మ్యూజియంలో రోకలిబండ పురుగుల సీసాలను చూసుకునే అటెండరు ఒకాయన ఉండేవాడు. తొలకరికి నేలలోంచి బయటికొచ్చే ఆ పురుగుల లాటిన్ పేర్లు ఆయన నోటికి తిరిగేవి కావు. ఏ ఊరి వానకు దొరికిన పురుగును ఆ వాన పేరుతోనే పిలిచేవాడు. "ఇది గార్లదిన్నె వాన మేడమ్, ఇది కొత్తచెరువు వాన" అంటూ సీసాలను టవాలుతో తుడిచేవాడు. మొదట్లో నాకు చిరాకేసేది.

కుందుర్పి దగ్గరున్న తన ఊరి చీటీ అంటించిన సీసాలో మాత్రం స్పిరిటే ఉండేది, పురుగు లేదు. ఏటా తొలకరికి సెలవు పెట్టి ఊరికి వెళ్లి, వట్టిచేతులతో తిరిగొచ్చేవాడు.

ఆయన రిటైరైన రోజు ఆ సీసాను ఖాళీ చేయబోయాను.

"పారబోయొద్దు మేడమ్. మా ఊర్లో వాన పడితే దాన్ని యాడ పెడతారు?"

ఆయన పోయి రెండేళ్లయింది. ఆ సీసాలో స్పిరిట్ తగ్గినప్పుడల్లా నేనే నింపుతున్నాను.