సావుకారు గారడీ

అరకులో మాది మిరియాలు, కాఫీ గింజలు కొనే కొట్టు. మా నాన్న మైదానం నుంచి ఒక కాటా పట్టుకుని కొండెక్కాడు. ఆయన పోయాక కొట్టూ, కాటా, సావుకారన్న పిలుపూ నాకొచ్చాయి. నిజం చెప్పాలంటే వాటిలో ఏదీ నాకక్కర్లేదు. నాకు కావలసింది గారడీ. పెట్టెలో మనిషిని పెట్టి కోసే రకం కాదు, ఎదుటివాడి కళ్లముందే అరచేతిలో చేసేది. ఫోన్లో వీడియోలు చూసి చేతులు తిప్పడం బాగానే నేర్చుకున్నాను. నోరే తిరగలేదు.

ఊరి చివర రిసార్టులో శని, ఆదివారాల్లో భోజనాల బల్లల దగ్గర గారడీ చేసే మనిషి కావాలంటే ఎగిరి గంతేసి వెళ్లాను. ఆ పని దొరికితే మెల్లిగా కొట్టు మూసెయ్యొచ్చని నా ఆశ. "ప్రియమైన ప్రేక్షక మహాశయులారా" అని మొదలుపెట్టాను. ఎదురుగా ఉన్నది మేనేజరు ఒక్కడే.

"ట్రిక్ బావుంది సార్. కానీ ఎలక్షన్ మీటింగులా ఉంది. నేచురల్‌గా చెయ్యాలి. లోకల్ జనం నోరెళ్లబెట్టేలా ఒక వీడియో తీసుకురండి, చూద్దాం" అన్నాడు.

సహజంగా ఉండటం సాధన చెయ్యడమంత అసహజమైన పని ఇంకోటి లేదు. అద్దం ముందు నిలబడి తేలిగ్గా నవ్వడం నేర్చుకుంటుంటే మా ఆవిడ చూసి, "పంటి నొప్పేటండీ?" అంది. తర్వాత జాలిపడింది. "కొట్లో బేరం ఆడినప్పుడు ఎంత బాగా మాటాడతారు! అలాగే మాటాడండి, సరిపోద్ది."

నాకు ఒళ్లు మండింది. కొట్టు వదిలించుకోవడానికే కదా ఈ తిప్పలన్నీ! కానీ ఆవిడ మాట నిజమే.

సంత రోజు ఆవిడ చేతికే ఫోనిచ్చి కొట్టు ముందు నిలబెట్టాను. పెదబయలు వైపు నుంచి జీపులో వచ్చే ముసలమ్మ ఒకావిడ ఏటా మాకే మిరియాలు అమ్ముతుంది. ఆవిడ బుట్టలోంచి నాలుగు గింజలు తీశాను. "ఏటమ్మా, ఈసారి గింజ సన్నంగుంది? తడి కూడా ఆరనట్టుందే" అని రోజూ అనే మాటలే అంటూ ఎడమ చేతిలో పోసినట్టు పోసి, పిడికిలి బిగించి, ఊది, తెరిచాను. గింజల్లేవు. అంత శుభ్రంగా నేనెప్పుడూ చెయ్యలేదు. చుట్టూ చేరినవాళ్లలో ఒక్కరి నోరూ తెరుచుకోలేదు.

"సావుకారు సేతిలో పడ్డాక మాయమవక ఏటవుద్ది?" అంది ముసలమ్మ. "మీ నాయినైతే ఊదకుండానే సేసేవోడు."

సంతంతా ఘొల్లుమంది. మా ఆవిడ నవ్వుకి ఫోను కూడా ఊగింది. ఇది గారడీ అమ్మా అంటూ రెండు అరచేతులూ ముందూ వెనకా తిప్పి చూపించాను. ఆవిడ నా చేతుల వంక చూడలేదు, కాటా వంక చూసింది. మాలాంటి కొట్లలో తూకం అయ్యాక ఒక గుప్పెడు కొసరు తీసుకోవడం మామూలు. "సర్లే, అది కొసరు కింద ఉంచుకో. బేగి తూకమెయ్యి, జీపెల్లిపోద్ది" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మేనేజరు మాత్రం వీడియో చూసి పడీపడీ నవ్వాడు. "నేచురల్ అంటే ఇదే సార్! ఆ సావుకారు క్యారెక్టర్ అదిరింది" అని శనివారం నుంచే రమ్మన్నాడు. ఇప్పుడు వారం వారం టూరిస్టుల ముందు మోసకారి సావుకారు వేషం కడుతున్నాను. ముసలమ్మ మాటలే నా మాటలుగా చెప్పి చప్పట్లు కొట్టించుకుంటున్నాను. ఎంత సహజంగా చేస్తున్నారండీ అంటారు అందరూ.

మొన్న సంతకి ముసలమ్మ మళ్లీ బుట్టతో వచ్చింది. నేను కాటా ఆవిడ వైపు తిప్పాను. "నువ్వే తూకమెయ్యమ్మా. నేను ముట్టుకోను, కొసరు కూడా వద్దు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆవిడ కాటా చుట్టూ తిరిగింది. కింద చెయ్యి పెట్టి తడిమింది. నా ముఖంలోకి చూసి నోరెళ్లబెట్టింది.

"ఈ గారడీ బాగుంది సావుకారు" అంది. "ఎలగ సేత్తన్నావు?"