మా అక్క తిన్న తేనె

నేను నేషనల్స్ దాకా కబడ్డీ ఆడినవాణ్ణి. మెదక్‌లో ఆ సంగతి తెలియనివాళ్లు ఉంటే నేనే చెప్పేవాణ్ణి. ఆట మానేసి ఏళ్లయినా అప్పట్లో ఇచ్చిన, ఛాతీ మీద నేషనల్స్ అని రాసి ఉన్న నీలం రంగు జాకెట్ వేసుకునే బజారుకు వెళ్తాను. అది చూసి జనం నన్ను ఆట గురించి కాదు, తిండి గురించి అడుగుతారు. బరువు తగ్గాలంటే ఏం తినాలి, బలం రావాలంటే ఏం తినాలి అని. అడిగిన ప్రతివాడికీ తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

నిజానికి నాకేం తెలుసు? ఆట శిక్షణ క్యాంపులో పళ్లెంలో పెట్టింది తిన్నాం, గ్లాసులో పోసింది తాగాం. అందులో ఏముందని ఒక్కనాడూ అడగలేదు. పోటీకి బరువు తూచే ముందురోజు నీళ్లు మానేసి, ఎండలో రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తి, ఒంట్లో నీరంతా చెమటగా పిండేసేవాళ్లం. నాకు వచ్చిన విద్య అంతే. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

హవేలిఘనపూర్‌లో వ్యవసాయం చేసుకునే మా అక్కకు షుగర్ వచ్చింది. దవాఖానలో ఇచ్చిన కాగితం పట్టుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"తమ్మీ, ఏం తినాలె, ఏం తినొద్దని గిండ్ల రాసిండ్రట. జర చదివి చెప్పరాదు."

చదవలేదు. చదివితే నా పెద్దరికం ఏం కావాలి?

"గా కాయిదం పక్కకు పెట్టక్కా. అన్నం బంద్ చెయ్యి. తేనె, ఖర్జూరాలు, మోసంబి రసం తీస్కో. చెట్టుకు కాసిందానితోని షుగర్ పెరగది. క్యాంపుల మేం రోజూ గవ్వే తిన్నం, మాకేమైంది?"

అక్క నా మాట అక్షరం పొల్లుపోకుండా పాటించింది. సొంత పొలంలో పండిన అన్నం మానేసి, పొద్దునా సాయంత్రం తేనె తాగింది. మూడు వారాలకు కళ్లు తిరిగి పొలం గట్టు మీద పడిపోయింది.

దవాఖానలో ఆమె మంచం పక్కన కూర్చుని, అక్క సంచిలోంచి ఆ కాగితం తీసి మొదటిసారి చదివాను. మూడో లైనులోనే ఉంది: తేనె, ఖర్జూరం, పళ్లరసం వద్దు. తల తీసేసినట్టయింది.

అక్క రోజూ తేనె తాగుతున్నదని తెలిసి డాక్టరమ్మ వచ్చి గట్టిగా అడిగింది. "ఇట్లెందుకు చేసినవమ్మా? తేనె తాగుమని నీకెవరు చెప్పిండ్రు?"

అక్క నా వైపు చూడలేదు.

"ఎవ్వలు చెప్పలేదమ్మా. నా నోరే ఆగలే."

చాయ్‌లో కూడా చక్కెర వేసుకోని మనిషి ఆ మాట అంది. డాక్టరమ్మ ఆమెను చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టింది. పక్క మంచాలవాళ్లు నవ్వారు. నేనే చెప్పానని ఒక్క మాట అంటే సరిపోయేది. అది అనకుండా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నది అందుకే, తప్పు చెప్పినందుకు కాదు.

డాక్టరమ్మ నా జాకెట్ చూసింది.

"మీరు నేషనల్ ప్లేయరా? అయితే తిండి సంగతి మీకే మంచిగ ఎరుకుంటది. జర మీరే దగ్గరుండి ఈమెకు చెప్పుండ్రి."

నేను తలెత్తేలోపే అక్క అంది.

"చెప్తడమ్మా. మా తమ్మునికి అన్నీ ఎరుకే."

నేను తలూపాను.