కంచెల మధ్య దారి

వైటూకే కంప్యూటర్ పనుల కోసం మావారిని కంపెనీ వాళ్ళు ఆస్ట్రేలియాలోని టూవూంబా పంపిన ఏడాది అది. కారు ఆయనతో ఆఫీసుకి వెళ్ళిపోయేది. నాకు డ్రైవింగ్ రాదు. జనవరి, అక్కడ నడి వేసవి. ఒకరోజు ఇంట్లో ఉండలేక, ఊరు దాటి పొలాల వెంట నడుస్తూ పోయాను. రోడ్డుకి రెండు వైపులా తీగ కంచెలే. చెట్ల నీడంతా కంచెకి అవతలే. కళ్ళు తిరుగుతున్నా వెనక్కి తిరగబుద్ధి కాలేదు.

ఒక ముసలావిడ కారు ఆపింది. "ఈ ఎండలో నడకేంటమ్మా? ఎక్కు" అని ఇంగ్లీషులో అంటూ నీళ్ళ సీసా ఇచ్చింది. గడగడా తాగేశాను.

"ఎక్కడికి వెళ్ళాలి?"

ఇల్లు తప్ప నాకు చెప్పడానికి మరో చోటు లేదు. ఆవిడ గుమ్మం దాకా దింపి, "ఇక బయటికి రాకు" అంది ప్రేమగా.

ఆ సాయంత్రం మావారిని డ్రైవింగ్ నేర్పమన్నాను.

"ప్రాజెక్ట్ అవనీ, చూద్దాం" అన్నారు.