గాజు చిన్నది

మొన్న మా పదమూడేళ్ల మనవరాలు కొత్త గౌను బిగుతైందని మంచం మీదికి విసిరికొట్టి, తాను లావంటూ అన్నం మానేసింది. బంగారు బొమ్మవని నేను మొదలుపెట్టానో లేదో, "ఏంది జేజీ, నన్నేమన్నా అమ్మకానికి పెట్టినావా, అట్ల పొగుడుతాండావ్?" అని నోరు మూయించింది. కూరగాయలామెను కొసరు దగ్గర ఏడిపించే నేను బేరంలో అంత త్వరగా ఓడిపోవడం అరుదు.

ఆ వయసులో నేనూ అంతే. పంతొమ్మిదివందల యాభైల నడుమ నంద్యాలలో మా నాయనకు గాజుల అంగడి ఉండేది. అక్క పెళ్లికి తెప్పించిన జతల్లో ఒక్కటీ నా లావు చేతికి ఎక్కక చుట్టాలు నవ్వితే, ఆనాటి నుంచి అంగట్లో కూర్చోవడం, రాత్రిపూట తినడం రెండూ మానేశాను. నాయన పొగిడాడు, అమ్ముడుపోని సరుకునే నాయన ఎక్కువ పొగుడుతాడని నాకు తెలియనిదా! పెద్దయితే సన్నబడతావని అమ్మ ఓదారిస్తే, అదీ తరుగు తీసినట్టే వినిపించింది.

చివరికి వేసవి సెలవులకు ఆళ్లగడ్డ పంపారు. అక్కడ మా మేనత్తదీ గాజుల అంగడే. ఆమె నా ఒంటి మాటే ఎత్తక, చేతిసాయానికి పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకరోజు నా ఈడు పిల్లకు గాజు కణుపుల దగ్గర ఇరుక్కుంటే, వాళ్లమ్మ "చెయ్యా ఇది, రోకలా!" అని కసిరింది.

అత్త గాజు వెనక్కి తీసి, "చేతికేమైందమ్మా? గాజు చిన్నది" అంది.

గాజులవాళ్లు ఎవరి చేతినీ తప్పుపట్టరు, అది మా వృత్తి మర్యాద. నాయన నోట ఎన్నోసార్లు విన్న మాటే అయినా, అది నా చేతికీ వర్తిస్తుందని అంతవరకూ తోచలేదు. అంతలో అత్త నావైపు తిరిగి, "అమ్మీ, మీ ఇద్దరి చేతులూ ఒగటే మాదిరుండాయి. ఏది పడతాదో నువ్వేసుకొని చూడు" అంది. అందులో జాలి లేదు, పని ఉంది. ఒక్కొక్కటే ఎక్కించుకుని, ముదురాకుపచ్చ జత తేల్చి, ఆ పిల్లకు నేనే తొడిగాను. ఆ పిల్ల నా చేయి, తన చేయి పక్కపక్కన పెట్టి చూసుకుని నవ్వింది. ఆ రాత్రి నేను రెండో సంగటి ముద్ద అడిగి తిన్నాను. సెలవులయ్యాక నంద్యాల అంగట్లో అందరికంటే ముందు కూర్చున్నవి ఈ లావు చేతులే. గాజు చిట్లకుండా తొడుగుతాయని పేరూ తెచ్చుకున్నాయి.

అందుకే నిన్న ఆ గౌను మడతపెట్టి, "గౌను చిన్నది" అని ఊరుకున్నాను. కాసేపాగి, నాకు బిగుతైన రవికలూ కత్తెరా మనవరాలి ముందు పెట్టి, కుట్లు ఎంతవరకు విప్పాలో చూడమన్నాను. ఆమె ఒకటి నాకు తొడిగి, చంక దగ్గర బట్ట లాగి చూసి, "రవికలు చిన్నవి జేజీ" అని కిసుక్కున నవ్వి, అన్నానికి లేచింది.

ఇప్పుడు బట్టలు కొలత అంకె వేసుకుని డబ్బాలో వస్తున్నాయి. పట్టకపోతే పిల్లలు అద్దంలో తమనే తప్పుపట్టుకుంటున్నారు. చేయి పట్టుకుని, దానికి సరిపోయేది దొరికేదాకా వెతికే మనిషి ఆ డబ్బాలో రాడు కదా.