గొంతు మీద కత్తి ఉండగా

వీధి చివర సెలూన్ నడిపే ఆయన్ని అందరూ రేడియో అంటారు. కట్టేసే మీట లేని రేడియో అని ఆయన భార్య దిద్దుతుంది. గడ్డానికి నురగ పట్టించడమే ఆలస్యం, వార్తలు మొదలవుతాయి. విన్నది విన్నట్టు చెప్పి ఊరుకుంటే ఆయన రేడియో ఎందుకవుతాడు? ఉప్పూకారం జల్లి, అవసరమైతే రెండు కన్నీటిబొట్లు కూడా కలిపి చెబుతాడు. ఆదివారం చర్చిలో ఆయన చోటు చివరి బెంచీ, గోడవార. శనివారం పుచ్చుకున్న మందు వాసన పక్కవాళ్లకు తగలకుండా నోట్లో లవంగం వేసుకుంటాడు. ప్రసంగం మొదలైన రెండు నిమిషాలకు కునుకు తీస్తాడు.

అలాంటి మనిషి షాపుకి వచ్చి పాస్టరుగారు, "వచ్చే ఆదివారం చర్చిలో అందరిముందూ నువ్వు సాక్ష్యం చెప్పాలి" అన్నారు.

రేడియో వెనక్కి తిరిగి చూశాడు. వెనక అద్దం తప్ప ఎవరూ లేరు.

"నేనాండీ?"

"నువ్వే. పదకొండేళ్లుగా మా ఎవరివల్లా కాని పని దేవుడు నీచేత చేయించాడు."

ఆ పని లెక్కల మాస్టారినీ ఆయన తమ్ముణ్ణీ కలపడం. పదకొండేళ్ల కిందట వాళ్ల అమ్మ పోయినప్పుడు, ప్రింటింగ్ ప్రెస్సు నడిపే తమ్ముడు గంట ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే మాస్టారు శవపెట్టె మూత బిగించేయించారు. ఒక్కసారి ముఖం చూస్తానన్నయ్యా అని తమ్ముడు బతిమాలినా మేకులు తీయనివ్వలేదు. "బతికుండగా చూడనివాడికి ఇప్పుడెందుకు" అన్నారు. ఇద్దరూ ఆ మాట దగ్గరే ఆగిపోయారు. ఒకరు చర్చికి మొదటి ఆరాధనకి వస్తే ఇంకొకరు రెండోదానికి వచ్చేవారు. స్త్రీల కూటమి వాళ్లకోసం ఏటా ఉపవాస ప్రార్థనలు చేసింది. ముందుండి చేయించింది రేడియో భార్యే.

ఈమధ్య మాస్టారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. అప్పటినుంచి బుధ, శనివారాలు రేడియో ఆయనింటికే వెళ్లి మంచం మీదే గడ్డం గీస్తున్నాడు. ఒక బుధవారం కత్తి సరిగ్గా గొంతు ముడి దగ్గరుండగా, నోరు ఊరుకోక, "మీ తమ్ముడు కనబడితే ఓసారి రమ్మన్నారని చెప్పనా మాస్టారూ?" అన్నాడు. మాస్టారు "ఊ" అన్నారు.

అంతే. ఆ మధ్యాహ్నమే రేడియో ప్రెస్సుకి వెళ్లి, నిన్ను చూడాలని మీ అన్నయ్య ఏడ్చాడని చెప్పాడు. తమ్ముడు మెషీను ఆపకుండానే, సిరా చేతులతోనే లేచి వెళ్లాడు. ఆనాటినుంచి రోజూ వచ్చి అన్నయ్యని వాకర్ పట్టించి వరండాలో నడిపిస్తున్నాడు.

పాస్టరుగారికి తెలియనిది రేడియోకి తెలుసు. కత్తి గొంతు మీద ఉండగా వద్దనే మనిషి తన సర్వీసులో ఒక్కడూ లేడు. అలాంటి ఊనే పట్టుకుని ఒకసారి టైలరు పాటల బృందంలో చేరతానన్నాడని అందరికీ చెప్పేసి, నెలరోజులు ఆయనకి ముఖం చాటేశాడు. ఆ ఊ పిలుపా, భయమా? మాస్టారి కళ్లు తడిగా ఉన్నమాట నిజమే. కానీ సబ్బు పడినా కళ్లు అలాగే ఉంటాయి.

ఉన్నదున్నట్టు చెబితే, అన్నయ్య తనని పిలవనేలేదని తమ్ముడికి తెలిసిపోతుంది. మళ్లీ రాకపోతే? చెప్పకపోతే చర్చిలో నిలబడి అబద్ధమాడినట్టే.

"పన్నెండుమందిమి పస్తులుండి ప్రార్థన చేశాం. ఆఖరికి దేవుడికి మీ నోరే దొరికిందా అని నాకూ ఒకపక్క కడుపుమంటగానే ఉంది" అంది భార్య, బట్టలు మడతపెడుతూ.

"అబద్ధంతో దేవుడు పని చేస్తాడంటావా?"

"నాకేం తెలుసండీ. బైబిల్లో ఒకప్పుడు గాడిద చేత కూడా మాట్లాడించాడు."

"ఆ గాడిద నిజమే చెప్పింది కదే."

ఆమె మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్లీ మడతపెట్టింది.

శనివారం మాస్టారి ఒక చెంప గీయడం అయింది. రేడియో కత్తి పక్కన పెట్టి, రెండో చెంప మీది నురగంతా తువ్వాలుతో తుడిచేశాడు.

"ఏంట్రా, సగంలో ఆపావు?"

"ఒక మాట అడగాలి మాస్టారూ. నురగ ఉండగా అడగకూడదు." ఆయన తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. "ఆ బుధవారం మీరు ఊ అన్నది, తమ్ముణ్ణి రమ్మనేనా?"

మాస్టారు పైకప్పుకేసి చూశారు.

"కత్తి అక్కడ పెట్టి అడిగితే ఊ అనక ఏమంటాన్రా."

"అయితే పిలవలేదన్నమాట."

"పిలవలేదనే అనుకుంటున్నా."

"మరి కళ్లనీళ్లు?"

"సబ్బేమో. కాదేమో. అదీ సరిగ్గా తెలియట్లేదు."

"మరి ఆయన వచ్చి గుమ్మంలో నిలబడితే పొమ్మనలేదేం?"

"అదే నాకూ అర్థం కాలేదు. అప్పుడు గొంతు మీద కత్తి కూడా లేదు. అయినా పొమ్మనడానికి నోరు రాలేదు." మాస్టారు గీసిన చెంప తడుముకున్నారు. "స్టెప్పులు రాయకపోతే మార్కులు వెయ్యనని పిల్లల్ని ఎంత సతాయించాను. ఇప్పుడు చూడు, జవాబొక్కటే ఉంది."

వాకర్ నేలకి తగిలిన చప్పుడైంది. తమ్ముడు దాన్ని పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో తెలియదు. మొదటి మాటనుంచీ విన్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది.

తమ్ముడు లోపలికొచ్చి వాకర్‌ని మంచం పక్కన ఆనించాడు. అన్నయ్య ముఖంలోకి చూడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మిగతా సగం కానివ్వు రేడియో. ఎండెక్కకముందే ఈయన్ని నడిపించాలి."

మర్నాడు రేడియో చర్చిలో నిలబడి, కత్తి సంగతి, సబ్బు సంగతి ఉన్నదున్నట్టు, ఏమీ కలపకుండా చెప్పాడు. కలపకపోయేసరికి రెండు నిమిషాలకే అయిపోయింది. ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. టైలరు మాత్రం గట్టిగానే నవ్వాడు. పాస్టరుగారు లేచి బైబిల్లో పేజీలు తిప్పుతూ ఉండిపోయారు. కావలసిన వాక్యం దొరికినట్టు లేదు.

రేడియో తన చివరి బెంచీకి పోయి గోడకి ఆనుకున్నాడు. ఆ రోజు ప్రసంగం మొదటినుంచి ఆఖరుదాకా విన్నాడు. ఏమీ అర్థం కాలేదు. కునుకు మాత్రం రాలేదు.