గుమ్మం దగ్గర అత్తగారు

అంటురోగాల వార్డు గుమ్మం దగ్గర నిలబడి, రక్షణ దుస్తులు విప్పేవాళ్లకు వరుస చెప్పే పెద్ద నర్సుని అందరూ అత్తగారంటారు. "ముందు చేతులు కడుగు. గౌను లోపలికి మడుస్తూ తియ్యి. తొందరేం, రైలెళ్లిపోతోందా?" పక్కనే స్టూలుంది, తొందరపడి దుస్తులు విప్పిన ఆయా ఒకామె కిందటి నెల వార్డులోని జబ్బే అంటుకుని పోయినప్పటి నుంచి అత్తగారు దానిమీద కూర్చోలేదు.

నిన్న పెద్ద డాక్టరుగారు కళ్లద్దాలు తీయగానే కంట్లోకి చెమట దిగింది. గ్లౌజు వేసిన చెయ్యి అలవాటుగా పైకి లేచింది. "చెయ్యి దించరా!" అని కేకేసిందావిడ. కంటికి బెత్తెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. ఆయన ఆవిడ చెప్పిన వరుసలోనే అన్నీ విప్పి, స్నానం చేసొచ్చి, ఎదుట నిలబడ్డారు. "ఇప్పుడు కన్ను నులుముకోవచ్చా, అత్తగారూ?" "నిక్షేపంగా నులుముకోండి బాబూ," అంటూ ఆవిడ స్టూలు మీద కూలబడింది.