పొట్టేలును ఎవరూ చూడలేదు

తుగ్గలి దగ్గరి పల్లెలో గిడ్డయ్య తన గొర్రెల్లో ఇరవై ఎనిమిదింటిని కబేళాకు పంపిన రోజే మహేశ్వరి అక్కడికి చేరింది. గొర్రెలు చూలు కట్టకపోవడానికి కారణాలు వెతికే శాస్త్రవేత్త ఆమె. రక్తం నమూనాల కోసం వచ్చేసరికి లారీ ఊరు దాటుతోంది.

"రెండేండ్ల నుంచి ఈనలేదు మేడమ్. అన్నీ గొడ్డువే" అన్నాడు గిడ్డయ్య.

"పొట్టేలును ఎవరన్నా పరీక్ష చేసినారా?"

గిడ్డయ్య నవ్వాడు. "దానికేం రోగం? సూడండి, దున్నపోతు మాదిరి ఉండాది."

మహేశ్వరికి ఒళ్లు మండింది. ఆమె ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటి పిల్ల. మేనత్త సుంకులమ్మను ఆరేళ్ల కాపురం తర్వాత గొడ్రాలని పుట్టింటికి తోలేశారు. ఆ మొగుడు ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ రెండో పెళ్లాానికీ పిల్లలు కలగలేదు, ఆమెనూ అదే మాట అన్నారు. ఆ మనిషిని మాత్రం ఏ డాక్టరూ చూడలేదు, చూపించుకొమ్మని ఎవరూ అనలేదు. మహేశ్వరి పశువైద్యం చదివి ఈ పరిశోధనలో చేరినప్పుడు, ఈ విషయమే ఎందుకని ఇంటర్వ్యూలో అడిగారు. "కోపం సార్" అనబోయి "ఆసక్తి సార్" అంది.

ఆ రోజే పొట్టేలు వీర్యం తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. సగానికి పైగా కణాలు కదలడం లేదు. తలలు బాగున్నాయి, తోకలు విరిగిపోయి ఉన్నాయి. దాణా సంగతి అడిగితే, ఆదోని జిన్నింగు మిల్లుల నుంచి పత్తి గింజలు తెచ్చి, బలం కోసం పొట్టేలుకే ఎక్కువ మేపుతున్నానన్నాడు గిడ్డయ్య. పత్తి గింజలో గాసిపాల్ అనే విషం ఉంటుంది. అది ఎక్కువైతే మగజీవాల వీర్యం చెడుతుంది. పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న సంగతే. పత్తి పండే సీమలో ఈ రైతుకు చెప్పినవాడు ఒక్కడూ లేడు.

మిగిలిన పన్నెండు గొర్రెల్లోకి వేరే పొట్టేలును వదలమంది. రెండు నెలల్లో పది చూలు కట్టాయి. గిడ్డయ్య దొడ్డి గడప మీదే కూలబడ్డాడు.

"అయితే లారీలో పోయినవి?"

"అవీ ఈనేవే అన్నా." ఓదార్చే ఓపిక ఆమెకు లేకపోయింది.

ఆదివారం ఎమ్మిగనూరుకు వెళ్లి మేనత్తకు చెప్పింది. మగ్గం మీద అటూ ఇటూ పోతున్న నాడె సుంకులమ్మ చేతిలో ఆగింది.

"లోపం మగదానికీ ఉంటాదా?"

"మనుషుల్లోనూ ఉంటాది అత్తా."

"నీకెప్పుడు తెలిసింది?"

"కాలేజీలోనే."

"మరి నాకిప్పుడు సెప్తాండావా?"

మహేశ్వరికి అంతవరకూ ఊరి మీద, మొగుళ్ల మీద ఉన్న కోపం మొదటిసారి తన మీదికే తిరిగింది.

ఆ తర్వాత మూడేళ్లు పొట్టేళ్లతోనే గడిచాయి. కొన్నింటికి పత్తి గింజలు పెట్టింది, కొన్నింటికి వేరుశనగ చెక్క. వారం వారం వీర్యం చూసి తన చేత్తో రాసుకుంది. గింజలు మానేసిన పొట్టేళ్లు రెండు మూడు నెలల్లో కోలుకున్నాయి. పరిశోధన కేంద్రం పెద్ద మల్లికార్జునయ్య మొదట్లోనే అడ్డుపడ్డాడు. "మగవాటి మీద పడినావేందమ్మా? ఆడగొర్రెల గొడ్డుతనం అని రాయి" అన్నాడు. ఆమె రాయలేదు. ఫలితాలు వచ్చాక ఆయనే వాటిని ఆదోని రైతుల సభలో తన పరిశోధనగా చదివాడు. తెర మీద చివరి వరుసలో, 'సహకారం' అన్నచోట ఆమె పేరు ఉంది.

మహేశ్వరి లేచి నిలబడింది. "సార్, గింజలు తిన్న పొట్టేళ్లు ఎన్ని? ఎన్నో వారంలో తోకలు విరగడం మొదలైంది?"

ఆయన కాగితాలు తిరగేశాడు. వెనక వరుసలో గిడ్డయ్య లేచాడు.

"ఈ సారును మేము ఈ పొద్దే సూస్తాండామప్పా. మా దొడ్డిలో పెంటలో నిలబడి పొట్టేలును పట్టుకునింది ఆ మేడమ్."

మల్లికార్జునయ్య నీళ్లు తాగి, సమయం అయిపోయిందన్నాడు. అదే వారం మహేశ్వరి వ్యాసం రాసి, తన లెక్కల పుస్తకాల నకళ్లతో పరిశోధన పత్రికకు పంపింది. వ్యాసం మీద ఆమె పేరే ముందుగా అచ్చయింది. ఆయన కుర్చీ ఆయనకే ఉండిపోయింది. ఆమెను మాత్రం పెద్దలను ఎదిరించిందని కౌతాళం వైపు చిన్న కేంద్రానికి బదిలీ చేశారు. అక్కడ బల్ల ఉంది, మైక్రోస్కోపు లేదు. ఏడు ఉత్తరాలు రాసి, ఎనిమిదోది పట్టుకుని తానే ఆఫీసుకు పోయి కూర్చుని పాతదొకటి తెచ్చుకుంది.

మొన్న ఒకాయన వచ్చి గొర్రెలకు చూలు మందు కావాలన్నాడు. పొట్టేలును తెమ్మంది. పనికిమాలిన తిరుగుడని గొణిగాడు. "అయితే మందూ లేదు" అని ఆమె తలుపు చూపించింది.

"ఈ మేడమ్‌కు సిట్టు జాస్తి" అని ఆమె కోపాన్ని తిట్టుకుంటూ పోయినవాడు, మరునాడు పొద్దున్నే ఆటోలో పొట్టేలును ఎక్కించుకుని వచ్చాడు. మహేశ్వరి పలకరించకుండానే మైక్రోస్కోపు గాజు పలకలు కడగడానికి లోపలికి వెళ్లింది.